ఇచ్చింది నేనే!

మూడు కొండలు ఎక్కి దిగిన గుర్రం నాలుగో కొండ మొదట్లో మోకాళ్ళ మీద కూలబడింది. వల్లిక దాని మెడ నిమిరి, జీను విప్పి పొదల్లో పారేసి, "నువ్వు మేసుకుంటా ఉండు తల్లీ, నేను పోయొస్తా" అని చెప్పి కొండదారిన పరుగందుకుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా మువ్వలదిన్నె చేరకపోతే నాగలింగయ్య పంతులు రాయైపోతాడు. మాటవరసకు రాయి కావడం కాదు, నిజంగానే నల్లరాయి.

వల్లిక తోలుబొమ్మలాడించే మనిషి. అమ్మానాన్నలను ఒకే వానాకాలంలో పోగొట్టుకున్న ఆరేళ్ళ పిల్లను బడిలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించి, సాయంత్రం అదే బడి అరుగు మీద తెర కట్టించి, "ఇప్పుడు ఆడించు, చూద్దాం" అన్నవాడు నాగలింగయ్య. అన్నం పెట్టిందీ ఆయనే. ఆయన లేని మువ్వలదిన్నె ఎట్లా ఉంటుందో వల్లిక ఊహించుకోలేదు. ఊహించుకోవలసిన గతి రానివ్వదలుచుకోలేదు కూడా.

ఇంతకూ పంతులుకు ఈ ఆపద ఎక్కడినుంచి వచ్చిందంటే, మాణిక్యవాటి రాజ్యాన్ని ఏలే ధర్మధ్వజ మహారాజుకు పుట్టుకతో ఒక జబ్బుంది. ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఆ కొలువులోకి శిలాదంష్ట్రుడనే మాంత్రికుడు ప్రవేశించి, "మహారాజా! నీ రాజ్యంలో బళ్ళకూ బావులకూ నాట్యశాలలకూ దానాలు చేసేవారి పేర్లు గాలికి పోతున్నాయి. నా దగ్గర కాలపలక ఉంది. దాని మీద చెక్కితే ఆచంద్రార్కం నిలుస్తాయి" అన్నాడు. రాజు సరేనన్నాడు. ఆయన కాదన్నదెప్పుడు గనుక!

ఇక చూడండి సంబరం. బడికి ఒక చాప ఇచ్చినవాడు నాలుగు మూలలా తన పేరు నేయించుకున్నాడు. బావికి చేద ఇచ్చిన ఆసామి చేద మీదా, గిలక మీదా పేరు రాయించి, నీళ్ళకొచ్చినవాళ్ళు దాన్ని పైకి చదివితేగాని తోడనివ్వలేదు. మద్దెలకు కొత్త తోలు మూయించిన షావుకారు ఆ తోలు నడిబొడ్డున పేరు రాయించుకున్నాడు, వాయించేవాడు రోజూ సరిగ్గా ఆ పేరు మీదే దెబ్బలు వేశాడు. ఇలాంటి వాళ్ళంతా పల్లకీలెక్కి మాంత్రికుడి గుమ్మం ముందు బారులు తీరారు. పలక మీద ఆఖరి అక్షరం పడగానే దాతగారు నవ్వు మొహంతో నిలువునా రాయైపోయేవాడు. ఇంటివాళ్ళు వచ్చి చూసి, రాజుగారు విగ్రహం పెట్టించారని మురిసిపోయి, దండ వేసి వెళ్ళేవారు. మనిషేడని అడిగితే తీర్థయాత్రలకు వెళ్ళాడని చెప్పేవాడు మాంత్రికుడు.

అట్లా తొంభై తొమ్మిది మంది అయ్యారు. నూరో పేరు పడితే శిలాదంష్ట్రుడికి చావులేని వజ్రదేహం వస్తుంది. కానీ ఆ నూరోది పేరు కోరకుండా గొప్ప దానం చేసినవాడిదైతేనే మంత్రం పనిచేస్తుంది. వచ్చింది చిక్కు! పేరు కోరనివాడి పేరు ఎవరికి తెలుస్తుంది? వెతగ్గా వెతగ్గా వాడికి మువ్వలదిన్నె దొరికింది.

ఆ ఊరి తీరు వేరు. ఊరి నడుమ ఒకటే పెద్ద చావడి. పొద్దున అది బడి. సాయంత్రం పాటకూ ఆటకూ బొమ్మలాటకూ అదే శాల. మధ్యలో, కాలవ గట్టు ఎవరు పూడ్చాలి, వీధి దీపాల్లో చమురు ఎవరు పోయాలి అని ఊరు కూర్చుని పోట్లాడుకునేదీ అక్కడే. ఈ మూడింటినీ నిలబెట్టేది గుమ్మం పక్కన అరుగు మీదున్న గుప్పిట బాన. చెయ్యి పట్టేంత సన్న మూతి దానికి. ఆ దారిన పోయే ప్రతి మనిషీ పిడికిలి బిగించి అందులో పెట్టాలి, బిగించిన పిడికిలినే బయటికి తియ్యాలి. ఉన్నవాడు వేస్తాడు. లేనివాడు ఖాళీ పిడికిలి పెట్టి ఖాళీగానే తీస్తాడు. మరీ గతిలేనివాడు ఖాళీది పెట్టి నిండుది తీసుకుంటాడు. ఎవరు ఏం చేశారో పక్కనున్నవాడికి తెలియదు. అడగడం ఆ ఊళ్ళో బూతుతో సమానం.

పోయిన నెల ఆ బానలో నిమ్మకాయంత నీలి వజ్రం దొరికింది. ఎవరు వేశారో నాకూ తెలియదు, నన్నడక్కండి. దాంతో బడికి పైకప్పు వచ్చింది, బొమ్మలాటకు పట్టు తెర వచ్చింది, కాలవకు రాతిగట్టు వచ్చింది. ఆ కబురు తెలిసి శిలాదంష్ట్రుడు రాజును వెంటేసుకుని వచ్చి ఊళ్ళో దిగాడు. ఇచ్చినవాడి పేరు చెప్పమన్నాడు. "తెలియదు" అన్నాడు పంతులు. ఊరుకుంటే పోయేది, "తెలిసినా చెప్పను" అని కూడా అన్నాడు. మాంత్రికుడికి ఒళ్ళు మండి కాలపలక మీద పంతులు పేరే చెక్కసాగాడు, రోజుకొక అక్షరం చొప్పున. పుచ్చుకున్నవాడి పేరు నూరోదిగా పనికిరాదు గానీ, మనిషిని రాయి చెయ్యడానికి పనికొస్తుంది. నా, గ, లిం, గ అయిపోయాయి. పంతులు నడుము దాకా నల్లరాయి అయ్యాడు. మిగిలింది 'య్య'. అది ఈ మధ్యాహ్నానికి ముహూర్తం.

పొరుగు రాజ్యంలో ఆటకు వెళ్ళిన వల్లికకు ఈ సంగతి తెలిసింది నిన్ననే.

కొండ దిగేసరికి వాగు ఒడ్డున రాజుగారి దండోరా మనిషి కనిపించాడు. తలపాగా, ఎర్ర అంగీ, డప్పు గట్టున పెట్టి, నీళ్ళలో మెడ దాకా మునిగి కూనిరాగం తీస్తున్నాడు. వల్లిక బండ చాటుకు చేరి, బొమ్మలాటలో రాక్షసుడికి పెట్టే గొంతు పెట్టింది.

"ఎవుడ్రా నా వాగులో మురికి కడుగుతా ఉండేది? వారమాయె నేను కూడు తిని!"

ఆ మనిషి వెనక్కు తిరిగి చూడలేదు. గోచీతో అవతలి ఒడ్డెక్కి అడవిలో పడ్డాడు. వల్లిక అంగీ తొడుక్కుని, తలపాగా చుట్టి, సంచిలోని బొమ్మ మీసం ఒకటి తీసి మూతికి అంటించుకుని, డప్పు మెడలో వేసుకుంది.

ఊరికి పోవాలంటే నాగినీ లోయ దాటాలి. లోయ మీద ఉట్టిలా ఊగే తాళ్ళ వంతెన, వంతెన మొదట్లో బల్లెం పట్టిన కాపలావాడు. వాడు వల్లికను ఎగాదిగా చూసి, "మీసం వంకర పోయిందేమి?" అన్నాడు.

"ఒక కొస రాజుగారికి వంగి దండం పెడుతుంది, ఇంకో కొస మాంత్రికులవారికి. కొలువు చేసేవాడి మీసం తిన్నగా ఉంటుందా?" అంది వల్లిక గొంతు బొంగురు చేసి.

కాపలావాడు తన మీసం తడుముకుని దారి వదిలాడు.

ఆహా, మువ్వలదిన్నె మైదానంలో ఆ కొలువు వైభవం! ముత్యాల జాలరులు వేలాడే పందిరి. పందిరి కింద ఏనుగు దంతాల సింహాసనం, దాని మీద బంగారు దిండుకు ఆనుకుని కునికిపాట్లు పడుతున్న ధర్మధ్వజ మహారాజు. అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది చామరాలు వీచే పరిచారికలు. జరీ అంగీల మంత్రులు, వెండి డాళ్ళ సైనికులు, గంధపు పొగలు, పన్నీటి జల్లులు. అంత వైభవానికీ నడుమ, మండుటెండలో, నడుము దాకా రాయై, ఛాతీకి గొలుసు బిగించి, మెడలో డాలంత నల్లపలక వేలాడుతూ నాగలింగయ్య పంతులు. ఆ మెడ ఇంకా నిటారుగానే ఉంది. అది చూసి వల్లిక డప్పు కర్రను గట్టిగా పట్టుకుని ముందుకు నడిచింది.

"ఇంతసేపా రావడం?" అని శిలాదంష్ట్రుడు కోరలు బయటపెట్టి కసిరాడు. వాడి చేతిలో నీలంగా మెరిసే ఉలి ఉంది. పక్కన బంగారు పంజరంలో సత్యశుకం. అబద్ధం వినబడితే చెవులు చిల్లులు పడేలా అరిచే చిలక అది. అందుకే కొలువులో రాజుగారిని పొగిడే వేళకు పంజరం మీద గుడ్డ కప్పి ఉంచేవారు.

మాంత్రికుడు గొంతు తగ్గించాడు. "ఇట్లా చాటు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి 'వజ్రం ఇచ్చింది నేను కాదు' అని చెప్పాలి. ఎవడి దగ్గర చిలక అరుస్తుందో వాడే ఇచ్చినవాడు."

ఈ మాట చాటితే ఎవరో ఒక మంచి మనిషి పని అయిపోయినట్టే. చాటకపోతే పంతులు పని అయిపోతుంది. కానీ మాణిక్యవాటిలో ఒక ఆచారముంది. దండోరా మీద ఒకసారి పలికిన మాట రాజు నోటి మాట. తరవాత దాన్ని రాజు కూడా మార్చకూడదు. వల్లిక డప్పు మీద మూడు దెబ్బలు వేసింది.

"వినండహో! ఇక్కడున్న ప్రతి మనిషీ సత్యశుకం ముందు నిలబడి, 'బడికి ఇచ్చింది నేనే' అని చెప్పాలహో! ఎవరి దగ్గర చిలక అరిస్తే వాణ్ణి, వాడు ఎంతటివాడైనా సరే, గొలుసులతో బంధించాలహో!"

శిలాదంష్ట్రుడు పళ్ళు నూరాడు. మరుక్షణం ఆలోచించి చల్లబడ్డాడు. 'ఇదీ మంచిదే. అందరి దగ్గరా అరుస్తుంది, ఇచ్చినవాడి దగ్గర ఒక్కడి దగ్గరే అరవదు. అరవని చోట పట్టుకుంటాను' అనుకున్నాడు. వాడి తెలివి అంతవరకే పోయింది.

మొదట సాలె పుల్లన్న వచ్చాడు. "బడికి ఇచ్చింది నేనే."

చిలక అరవలేదు.

"దొరికాడు!" అని మాంత్రికుడు ఉలి ఎత్తి ఒక్క గెంతు గెంతాడు. "చెప్పరా నీ పేరు!"

"తొందరెందుకు సామీ, నా ఎనకాల శానామంది ఉండారు" అన్నాడు పుల్లన్న.

రెండో మనిషి చెప్పాడు. అరవలేదు. మూడో ఆమె చెప్పింది. అరవలేదు. కుమ్మరి చెప్పాడు, పాటగత్తె చెప్పింది, కాలవ కాపరి చెప్పాడు. ఒక్కొక్కరి గొంతు ముందువాళ్ళ కంటే పెద్దదవుతోంది. చిలక ముక్కుతో ఈక సవరించుకుంటూ కూర్చుంది. మాంత్రికుడు పంజరాన్ని పట్టి ఊపాడు. చిలకకు జబ్బు చేసిందేమోనని ఒక మంత్రిని పిలిచి ఏదైనా మాట్లాడమన్నాడు. "మన మహారాజు పాడితే కోయిల సిగ్గుపడుతుంది" అన్నాడు మంత్రి. చిలక కీచుమని అరిచిన అరుపుకు రాజుగారికి కునుకు చెదిరింది.

ఇంతలో ఓబుళవ్వ వంతు వచ్చింది. ఎవరూ లేని ముసలమ్మ. ఆమె పంజరం దాకా వచ్చి ఆగిపోయింది. పక్కనే డప్పుతో ఉన్న వల్లికను ఎవరో అనుకుని, గుసగుసలాడింది.

"అబ్బీ, నేను పన్నెండేండ్లుగా ఉత్త పిడికిలే పెడతా ఉండా. తీసుకోవడమే గానీ ఎయ్యలా. నా కాడ ఆ చిలక అరుస్తాది. నేను సస్తే సచ్చినా, ఊరి మాట పోతుంది గదా!"

వల్లిక వంగి, బొంగురు గొంతు మరిచిపోయి, తన గొంతుతోనే చెప్పింది. "అవ్వా, నువ్వు ఉత్త పిడికిలి పెట్టకుండా తలొంచుకుని పోయింటే, నీ మాదిరి లేనోళ్ళంతా సిగ్గుతో ఆ దారి వదిలేసేవాళ్ళు. ఆ బాన కాడికి ఎవరైనా రావచ్చునని చూపించింది నువ్వు. అది ఇయ్యడం గాదా? పో, తలెత్తి చెప్పు."

ఓబుళవ్వ ఆమె కళ్ళలోకి చూసింది. ఆ గొంతు ఎవరిదో తెలిసింది. కొంగు నడుముకు బిగించి, పంజరం ముందు నిలబడి, మైదానం చివరిదాకా వినబడేలా అంది.

"బడికి ఇచ్చింది నేనే!"

చిలక ఈక సవరించుకోవడం మానింది. మెడ పక్కకు వంచి ఆమెను చాలాసేపు చూసింది. తరవాత కళ్ళు మూసుకుంది. అరవలేదు.

వల్లికకు ఏడుపు ముంచుకొచ్చింది. అది బయటపడకుండా డప్పు మీద దబదబ వాయించేసింది. ఊరు ఊరంతా కేకలు పెట్టింది. ఎండలో నాగలింగయ్య పంతులు కూడా నవ్వాడు.

చిట్టచివరి మనిషి దాకా అయింది. శిలాదంష్ట్రుడు జుట్టు పీక్కున్నాడు. "ఊరంతా ఇచ్చిందంటే నేను ఎవడి పేరు చెక్కేది? దొంగల్లారా! ఇచ్చింది ఎవడో చెప్పండి!"

"మేమే!" అంది ఊరు.

"అయితే మీ పంతులును చూసుకోండి!" అని వాడు ఉలిని పలకకు ఆనించాడు.

డప్పు మళ్ళీ మోగింది. "ఆగహో! ఇక్కడున్న ప్రతి మనిషీ అని చాటాం. మాంత్రికులవారు ఇంకా చెప్పలేదహో!"

ధర్మధ్వజ మహారాజు దిండు మీదినుంచి లేచాడు. "అవునవును, దండోరా మాట. చెప్పవయ్యా, నీదేం పోయింది?"

శిలాదంష్ట్రుడు తల ఎగరేశాడు. "నేనా? ఈ రాజ్యంలో దానమంటేనే నేను! తొంభై తొమ్మిది మందికి కీర్తినిచ్చింది నేను! బడికి ఇచ్చింది నేనే!"

చిలక అరిచింది. అలా ఇలా కాదు, రెక్కలు కొట్టుకుంటూ, పంజరం ఊచలు వంగేలా, ఊపిరి తీసుకోకుండా అరిచింది. పందిరి ముత్యాలు జలజల రాలాయి. రాజుగారి కిరీటం ఒడిలో పడింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని, జీవితంలో మొదటిసారి ఎవరూ చెప్పకుండా ఒక మాట అన్నాడు.

"వాణ్ణి పట్టుకోండి!"

సైనికులు కదిలేలోపల మాంత్రికుడు ఈల వేశాడు. కొండకొమ్ము మీదినుంచి పందిరంత రాబందు దూసుకొచ్చింది. వాడు దాని వీపున కట్టిన జీను మీదికి ఎగిరి, పంతులు ఛాతీ గొలుసు కొస పట్టుకుని, ఆయనను అమాంతం గాలిలోకి లేపాడు. వల్లిక డప్పు విసిరికొట్టి పరుగెత్తి ఎగిరింది. ఆమె చేతికి గొలుసు చిక్కింది. తలపాగా ఊడింది, మీసం గాలికి పోయింది.

"వల్లికా!" అని ఊరు గోలపెట్టింది.

రాబందు నాగినీ లోయ మీదికి తిరిగింది. పాతాళంలో నది వెండి దారంలా సన్నగా కనబడుతోంది. మాంత్రికుడు పైనుంచి వంగి, "నువ్వేనా మాట మార్చింది! నీ పేరు చెప్పి, 'ఇచ్చింది నేనే' అను. నూరో పేరుగా చెక్కి, నీ పంతులును వదిలేస్తా!" అని అరిచాడు.

"వాడి మాట నమ్మొద్దు తల్లీ, నమ్మొద్దు!" పంతులు కేక పెట్టాడు. "ఏదీ నమ్మొద్దు!"

వల్లిక గొలుసు వెంట పాకి, పంతులు భుజాల మీద కాలు పెట్టి, రాబందు పొట్ట కింద బిగించిన జీను పట్టీని అందుకుంది. దున్నపోతు తోలు, ఏడు వరసల కుట్టు. పుట్టినప్పటినుంచీ తోలుతో బతికిన మనిషికి కుట్టు బలం ఎక్కడుందో, బలహీనం ఎక్కడుందో ఒకరు చెప్పాలా? బొమ్మలు కోసే చిన్న కత్తి నడుములోంచి తీసి మూడో వరసలో ముడి మీద గుచ్చి ఒక్క లాగు లాగింది. పట్టీ చిరిగింది. జీను పక్కకు ఒరిగింది. ముగ్గురూ కలిసి లోయలోకి జారారు. బరువు తీరిన రాబందు వెనక్కు కూడా చూడకుండా పోయింది.

లోయ గోడకు పొడుచుకొచ్చిన బండ ఒకటి పంతులునూ వల్లికనూ ఆపింది. బండ నున్నగా, ఏటవాలుగా ఉంది. పంతులు రాతి కాళ్ళ బరువు ఆయనను అంగుళం అంగుళం అంచు వైపు లాగుతోంది. వల్లిక కాలు ఒక చీలికలో ఇరికించి, ఎడమ చేత్తో గొలుసు పట్టుకుని బిగబట్టింది. పలక ఆయన మెడలోనే ఉంది. దాని మీద తొంభై తొమ్మిది పేర్లు, నాలుగక్షరాలు.

బండ అంచు కింద శిలాదంష్ట్రుడు ఒంటి చేత్తో ఒక చెట్టు వేరు పట్టుకుని వేలాడుతున్నాడు. రెండో చేతిలో ఉలి. వేరు పిటపిటమంటోంది.

"చెయ్యివ్వు!" అని కేక పెట్టాడు.

"ముందు ఆ ఉలి ఇయ్యి" అంది వల్లిక.

"ఇవ్వను! దీనితో గీకితే చెక్కిన పేర్లన్నీ చెరిగిపోతాయి. ఆ తొంభై తొమ్మిది మందీ లేచి కూర్చుంటారు. నా బతుకంతా కష్టపడి..."

వేరు సగం తెగింది. వాడు జానెడు కిందికి జారాడు.

"ఇస్తా! ఇస్తా! ఉలి ఇస్తే చెయ్యిస్తావా?"

"ఇస్తా."

"ఒట్టు?"

"ఒట్టు. మువ్వలదిన్నె మాట."

వాడు ఉలి పైకి చాపాడు. పుట్టి బుద్ధెరిగాక శిలాదంష్ట్రుడు ఒకరికి ఒకటి ఇవ్వడం అదే మొదలు. వల్లిక అందుకుని ఉలిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది.

వల్లిక కూడా మాట తప్పలేదు. వేరు తెగేలోగా వంగి చెయ్యిచ్చింది.